ప్రసంగానికి ముందు రోజు

“ఈ వారం ఏం చదివావు?” అని మా ఆయన అడిగేది ఎప్పుడూ శనివారం మధ్యాహ్నమే. ఆ వేళకి నేను వంటగదిలో నిలబడి, మర్నాటి ఆరాధనలో ప్రభువు బల్ల సంస్కారానికి అందరికీ ద్రాక్షరసం పంచే చిన్న గ్లాసులు కడుగుతూ ఉంటాను. వేలు పట్టనంత చిన్నవి. ప్రతి ఆదివారం ఎవరో హడావిడిగా తొలిచి పెట్టి వెళ్తారు, రసం మరక అడుగున అలాగే ఉండిపోతుంది. గుడ్డ కొస మెలిపెట్టి తిప్పితే తప్ప వదలదు. ఇది పాస్టరు భార్య పని అని నాకెవరూ చెప్పలేదు. పిల్లలకు ఆదివారం బడి, రోగుల పరామర్శ, ఆయన తెల్ల అంగీ ఇస్త్రీ, వచ్చినవాళ్ళకి టీ ఎలా నా చేతికి వచ్చాయో ఇదీ అలాగే వచ్చింది. ఆయన భోజనాల బల్ల దగ్గర తెల్లకాగితం పెట్టుకుని, కలం మూత తీసి అడుగుతారు. నేను తడి చేతులతోనే చెప్తాను. ఆయన రాసుకుంటారు.

పెళ్ళయిన కొత్తలో దాన్నే ప్రేమ అనుకున్నాను. మర్నాడు గుడిలో, ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుని, నా ఆలోచన ఆయన గొంతులో గంభీరంగా మోగుతుంటే నాకు ఒళ్ళు పులకరించేది. ఇద్దరం కలిసి కన్న బిడ్డని ఆయన ఎత్తుకుని అందరికీ చూపిస్తున్నట్టు ఉండేది. ఆ ఆనందం అబద్ధం కాదు. ఇప్పుడు తలుచుకున్నా తియ్యగానే ఉంటుంది.

ఈ గురువారం సంఘపెద్ద మా ఇంటికి వచ్చాడు. నేను టీ పట్టుకుని వచ్చేసరికి ముందుగదిలో నా పుస్తకాల అర ముందు నిలబడి ఉన్నాడు.

“అయ్యగారూ, ఇదేంటండీ? దేవుడు లేడనేవాడి పుస్తకం! ఇదేమో వేరే మతం వాళ్ళది. ఇదిగో, మనసు డాక్టరట, ప్రార్థన గురించి రాశాడట. పిచ్చాసుపత్రి వాళ్ళకి ప్రార్థనతో ఏం పనండీ?”

మా ఆయన నవ్వేశారు. “అవి నావి కావు లెండి. మా ఆవిడవి. ఆడవాళ్ళకి ఏదో ఒక కాలక్షేపం ఉండాలి కదా.”

“కాలక్షేపానికైతే అల్లికలున్నాయిగా!”

కిందటి వారం, మనిషి దేవుడి మీద కోప్పడటం కూడా ప్రార్థనే అని మా ఆయన ప్రసంగం చేస్తే, ఈ పెద్దమనిషే రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. గుమ్మం దగ్గర ఆయన చెయ్యి పట్టుకుని, “ఇంత లోతు ఎక్కణ్ణుంచి వస్తుందయ్యగారూ?” అని అడిగాడు. “అంతా మోకాళ్ళ మీద ప్రార్థనలోంచే” అన్నారు మా ఆయన. ఆ లోతు వచ్చిన పుస్తకం ఇప్పుడు సంఘపెద్ద చేతిలోనే ఉంది. దాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. నేను టీ ఇచ్చాను. మా ఆయన నా వైపు చూడలేదు.

సంఘపెద్ద వెళ్ళాక మా ఆయన మెల్లగానే చెప్పారు, కోపంగా కాదు. “ఆదివారంలోగా తీయించెయ్. పాత పుస్తకాలవాడికి ఇచ్చెయ్. నీకు కావలసిందంతా నీ బుర్రలో ఉందిగా.” లోపలి గదిలోంచి అత్తగారు అందుకున్నారు. “ఈవిడకి పుస్తకం పట్టుకుంటే పొయ్యి మీద పాలే కనపడవు. ఇంక దేవుడేం కనపడతాడు?”

ఆ పుస్తకాలు మా పెద్దమ్మవి. ఆవిడ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేది. పెళ్ళి చేసుకోలేదు. సెలవుల్లో నన్ను వెంట తీసుకెళ్ళేది. సిరా వాసన కొట్టే ఆ గదిలో నేను రాతప్రతి పైకి చదవాలి, చుక్కలూ కామాలతో సహా. ఆవిడ పెన్సిల్ పట్టుకుని తడి ఆరని అచ్చుకాగితంలో సరిచూసుకునేది. ప్రార్థన పుస్తకాలూ, దేవుణ్ణి తిట్టే పుస్తకాలూ ఆ ఒక్క బల్ల మీదకే వచ్చేవి. ఒకసారి, “దేవుడు లేడు, కామా” అని చదివి భయంతో ఆగిపోయాను. “ఆగావేంటే? కామా దగ్గరే ఉన్నాం. వాక్యం పూర్తి చెయ్యి, తర్వాత భయపడుదువుగాని” అంది పెద్దమ్మ. “పాపం కాదా?” అని అడిగితే, “దెయ్యం రాసినా సరే, మనింట్లోంచి అచ్చుతప్పుతో బయటికి వెళ్ళకూడదు” అని పకపకా నవ్వింది. సాయంత్రం ఇద్దరం నడిచి ఇంటికి వస్తుంటే పుస్తకంలో దేవుణ్ణి తిట్టినవాడితో దారిపొడుగునా తనలో తనే పోట్లాడేది. “ఇక్కడ వాడే కరెక్టు. ఇక్కడ మాత్రం తొందరపడ్డాడు పిచ్చివెధవ.” ఇంటికి రాగానే మోకరించేది. ఎదుటివాడి మాట పూర్తిగా విన్న మనిషి ప్రార్థన వేరేగా ఉంటుంది. ఆవిడ ప్రార్థన పక్కింటి మనిషితో గోడ మీంచి మాట్లాడినట్టు ఉండేది. ఆ సిరా వాసన, ఆ నడక, ఆ గొంతు ఇప్పటికీ నా మనసులో దేవుడి ఇల్లు అంటే అవే.

ఆవిడ పోయాక పుస్తకాలు నాకొచ్చాయి. చాలాకాలం తెరవలేదు. ఆరో నెలలో నా కడుపులో బిడ్డ పోయినప్పుడు తెరిచాను. అప్పుడు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ “దేవుని చిత్తం అమ్మగారూ” అన్నారు. మా ఆయనా అదే అన్నారు, పడుకున్న నా నుదుటి మీద చెయ్యి పెట్టి. ఆ మాట కింద నాకు ఊపిరాడలేదు. మోకరిస్తే ఒక్క మాట రాలేదు, నెలల తరబడి. గుడిలో పెదాలు కదిపేదాన్ని. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం దేవుడు లేడనేవాడి పుస్తకంలో చదివాను, ఒక బిడ్డ చావుని సమర్థించే దేవుడు తనకి అక్కర్లేదని. అంచున పెద్దమ్మ పెన్సిల్‌తో “నాక్కూడా” అని రాసి ఉంది. నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ ఏడుపులోనే చాలాకాలం తర్వాత నా నోటి నుంచి “ప్రభువా” అన్న పిలుపు వచ్చింది. తిట్టడానికే వచ్చింది. కానీ వచ్చింది. నమ్మనివాడు నన్ను చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి దేవుడి గుమ్మం ముందు దిగబెట్టాడు. ఈ సంగతి సంఘపెద్దకి ఎలా చెప్పను? అవి పోతే నాకు పోయేది కాలక్షేపం కాదు, ప్రార్థన.

శనివారం మధ్యాహ్నం. ఆయన కలం మూత తీశారు.

“పుస్తకాలవాడు వచ్చాడా?”

“నేను పిలవలేదండీ. అవి ఎక్కడివక్కడే ఉంటాయి.”

“సరే, అది తర్వాత చూద్దాం. ముందు చెప్పు, ఈ వారం ఏం చదివావు?”

“అర మీద ఉంది. చదవండి.”

“ఆటలా ఇవి? రేపు పొద్దున్నే ఆరాధన. నేనేం చెప్పను?”

“మీరు నమ్మేది చెప్పండి.”

నేను వెటకారంగా అనలేదు. అది ఆయనకీ అర్థమైంది, అందుకే కోప్పడలేకపోయారు. కలానికి మూత మళ్ళీ పెట్టేశారు. నా గొంతు దాకా పది వాక్యాలు వచ్చాయి, అలవాటు కొద్దీ. మింగేశాను. ఆయన, “నన్నెవరూ ఆ మాట అడగలేదే” అన్నారు, తనలో తను అనుకున్నట్టు. ఆ ముఖంలో భయం చూశాను. పరాయి భయం కాదు, నాకు బాగా తెలిసినదే. దేవుడి ముందు మాట రాని ఆ భయంలో నేను నెలల తరబడి ఒంటరిగా ఉన్నాను.

చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను.

“ప్రార్థన చేద్దామా?” అన్నాను.

ఆయన అలవాటుగా గొంతు సవరించుకున్నారు. మా ఇంట్లో పైకి ప్రార్థన చేసే గొంతు ఆయనది, ఆమేన్ నాది.

“మీరు కాదు, నేను చేస్తాను” అని కళ్ళు మూసుకున్నాను. “ప్రభువా, మా బిడ్డ విషయంలో నీ మీద నాకింకా కోపం పోలేదు” అని మొదలుపెట్టాను.