ఇద్దరు సోమ్లీలు

కొంటాకు చెందిన రేణుక బీసీఏ ఫస్ట్ క్లాసులో పాసైంది. మూడేళ్ళూ లెక్చరర్ ప్రోగ్రాములను నోట్సులా చెప్పేవాడు, పిల్లలు రాసుకుని బట్టీ పట్టేవారు. ల్యాబులో పదకొండు కంప్యూటర్లకు నాలుగే పనిచేసేవి.

దంతెవాడలో ఒక చిన్న కంపెనీ ఆమెను తీసుకుంది. మొదటి పనే సికిల్ సెల్ అనే రక్తపు జబ్బున్నవాళ్ళ జాబితా. దాన్ని ఫోన్‌లో చూసుకుంటూ నర్సులు ఊరూరా నెలనెలా మాత్రలు పంచాలి. ఒకే మనిషి పేరు రెండుసార్లు పడితే ఒకటి తీసేయమన్నాడు మేనేజర్ భానుప్రసాద్. రేణుక ఇంటర్నెట్‌లో దొరికిన నాలుగు లైన్ల ప్రోగ్రాం తెచ్చి అతికించింది. ఆ లైన్లేం చేస్తాయో పూర్తిగా అర్థం కాలేదు. పనిచేశాయి కదా అనుకుంది. భానుప్రసాదూ చూడలేదు.

ఐదు నెలలకు మరైగూడ నుంచి దీప ఫోన్ చేసింది. ఆ ఊరికి కొత్తగా వచ్చిన నర్సు ఆమె. ఊళ్ళో సోమ్లీలు ఇద్దరట, ఇద్దరి తండ్రులూ భీమాలేనట. జాబితాలో మాత్రం ఒక్కతే ఉంది. తొమ్మిదేళ్ళ రెండో సోమ్లీ మాత్రలు అందక, నొప్పులతో, జ్వరంతో పోయిన వారమే చనిపోయింది.

రేణుక బస్సెక్కి వెళ్ళింది. చనిపోయిన పిల్ల తండ్రి భీమా వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తున్నాడు. పేరు పోయింది తన వల్లేనని తల వంచుకుని చెప్పింది. అతడు తిట్టలేదు. పువ్వును చేత్తో పలచగా పరిచాడు.

"ఈడ ఇద్దరు సోమ్లీలున్నరని ఎవల్నడిగినా చెప్పేటోళ్ళు గదా బిడ్డా," అన్నాడు.

అతని భార్య చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. రేణుక తాగలేకపోయింది.

తిరిగొచ్చి ఆ నాలుగు లైన్లనూ మొదటిసారి మాట మాటా చదివింది. అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. పేరు, తండ్రి పేరు, ఊరు కలిస్తే చాలు, వయసు చూడకుండా ఒకరిని తీసేస్తున్నాయవి. పాత రిజిస్టర్లు తెప్పించి పోల్చితే సోమ్లీతో కలిపి ముప్పైనాలుగు పేర్లు ఎగిరిపోయి ఉన్నాయి. నర్సులు వెతికి ముప్పైమందికి మాత్రలు అందించారు. ఇంకో ముగ్గురి జాడ దొరకలేదు.

సోమవారం భానుప్రసాద్ కొత్త పని ఇవ్వబోయాడు. ఈసారి గర్భిణుల జాబితా.

"నాకు రాదు సార్. ఎవరైనా నేర్పిస్తే నేర్చుకుని చేస్తా," అంది రేణుక.

అతడు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనూ నీలాగే చదివానమ్మా. ఎవరిని అడగమంటావు?"

ఆ పని వేరే కంపెనీకి వెళ్ళిపోయింది. అక్కడ దాన్ని ఎవరు చేశారో, వాళ్ళేం చదివారో రేణుకకు తెలియలేదు.