మెరిసిన పిన్ను

ఎవరు ప్రయాణమైనా రేవుదాకా వెళ్ళి సాగనంపకపోతే ఆవిడకు ముద్ద దిగదు. ఆ రోజు బయల్దేరేది సొంత తమ్ముడు, లాంచీ నడిపేవాడు. ఆ లాంచీ ఇంజనుకు వేసే కొత్త పిన్నును వర్క్‌షాపులో సానపట్టడం ఆవిడ పనే.

గట్టిపరిచిన ఉక్కు కడ్డీ అది. తిరిగే సానచక్రాన్ని వెంట్రుకవాసి చొప్పున ఆనించాలి, ఉక్కు వేడెక్కకుండా నీళ్ళధార ఆగకూడదు. రేవుకు వేళ మించిపోతుందన్న కంగారులో ఆవిడ ఒక్కసారే లోతుగా ఆనించింది. రవ్వలు జల్లున రాలాయి. వేడికి పిన్ను మీద నీలిమచ్చ తేలింది. పైపైన ఇంకో చుట్టు పట్టేసరికి మచ్చ పోయి అద్దంలా మెరిసింది. ఫోర్మన్ కొలత చూసి పంపేశాడు.

రేవులో తమ్ముడు నవ్వాడు. "వచ్చావా అక్కా! నువ్వు చెయ్యూపకపోతే లాంచీ కదలదనుకున్నావా?"

ఆవిడకు నవ్వు రాలేదు. మచ్చ పోయింది సరే, మాడిన లోపలి పొర ఎక్కడికి పోతుంది? అక్కడ ఉక్కు మెత్తబడి, నడినీళ్ళలో పుటుక్కుమంటే?

"ఒరేయ్, ఆ పిన్ను ఊడదియ్యి."

"ఇప్పుడేగా బిగించాం! నన్ను ఆపడానికి నీకెప్పుడూ ఏదో ఒక వంక."

"వంక కాదురా. తొందరపడి కాల్చేశాను దాన్ని."

తమ్ముడు స్పానరు అందుకున్నాడు.

వర్క్‌షాపులో ఫోర్మన్ పిన్నును పలచటి యాసిడ్‌లో ముంచి తీశాడు. మెరుపు మాసి, ఒక పక్కన కాలినచోట నల్లటి చార బయటపడింది.

"పైన పటారం, లోన లొటారం," అన్నాడు. "నేనూ కొలతే చూశాను. నువ్వు నోరు విప్పకపోతే తల్లీ..."

ఆవిడ సానచక్రం అంచును చెక్కి బాగుచేసుకుని, నీళ్ళధార నిండుగా విప్పి, రెండో పిన్ను మొదలుపెట్టింది.

"ఈ లెక్కన అది పూర్తయ్యేసరికి నా పళ్ళూడిపోతాయి," అన్నాడు తమ్ముడు.

"ఊడనీ. లాంచీ పళ్ళతో నడుపుతావా ఏం?"

ఈసారి యాసిడ్‌లోంచి తీసిన పిన్నును ఫోర్మన్ వెలుగుకేసి తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా చార లేదు. ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకటే బూడిదరంగు.

"ఇక బిగించుకోవచ్చు," అన్నాడు.

ఆవిడ స్టూలు మీద కూలబడింది.

"నీళ్ళమీద పోయేది నేనైతే కాళ్ళు నీకు వణుకుతున్నాయేం అక్కా?"

"నోర్మూసుకుని తీసికెళ్ళు, కింద పడేసేవు," అంటూ గుండెల మీద చెయ్యేసుకుని ఆవిడ పకపకా నవ్వింది.