ఖాళీగా ఉంచమన్న రెండు స్లాట్లు

కొడకండ్ల బస్టాండుకు ఎదురుగా చిన్న దుకాణంలో ఉమారాణి పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. పొద్దున్నే భర్త ప్రభాకర్ షట్టర్ ఎత్తిపెడితే, ఆమె ఊడ్చి, కంప్యూటర్ ఆన్ చేసి, అది మేలుకునేలోపు చాయ్ తాగుతుంది. ఈ మధ్య అది ఎంత మొద్దుబారిందంటే, తెర మీద పెళ్లికూతురి బొమ్మ పూర్తిగా పడేలోపు ఆ పిల్లకు సీమంతం కూడా అయిపోతోంది.

అట్లాంటి సమయంలో మహబూబాబాద్ ఫొటోగ్రాఫర్ పదకొండు ఆల్బమ్‌లు తెచ్చి పడేశాడు. "శుక్రవారం కల్ల గావాలె అక్కా. లేకుంటే హన్మకొండల ఇచ్చుకుంట. మళ్ల నీ దిక్కు రాను."

ఉమారాణి బెదరలేదు. మూడేళ్ల కింద కంప్యూటర్ కొనేటప్పుడే, మదర్‌బోర్డుకు ర్యామ్, అంటే మెమరీ పలకలు గుచ్చే స్లాట్లు నాలుగుండాలని చీటీ రాసి ప్రభాకర్‌ను జనగామ పంపింది. అప్పటికి రెండు నింపుకోవాలి, పని పెరిగాక తక్కిన రెండు. రెండు స్లాట్ల బోర్డు చౌకే గాని, పెంచుకోవాలంటే ఉన్న ర్యాములు తీసి పారేసి పెద్దవి కొనాలి. ఆ రెండు ఖాళీలను ఆమె నారుమడిలాగా మనసులో కాపాడుకుంటూ వచ్చింది.

కొత్త ర్యాములు రెండు తెచ్చి కంప్యూటర్ డబ్బా విప్పింది. ఉన్నవి రెండే స్లాట్లు. రెండూ నిండి ఉన్నాయి. పక్కన ఇంకో రెండింటికి జాగా గీసి ఉంది, సూది బెజ్జాలు వరుసగా ఉన్నాయి, పైన స్లాట్లు మాత్రం లేవు.

డబ్బా ఒళ్లో పెట్టుకొని జనగామ బస్సెక్కింది. దారిపొడుగునా ఆమె పళ్లు కొరికిన చప్పుడుకు, ఇంజను పోయిందనుకొని డ్రైవర్ రెండుసార్లు బస్సాపాడు.

అక్కడి దుకాణంలో ఆ కంప్యూటర్ బిగించి ఇచ్చిన యుగేందర్ ఆమె ముఖం చూశాడు. చొక్కా విప్పి, మెల్లగా చుట్టూ తిరిగి చూపించాడు. ఆ దిక్కున అది మామూలే. ఎవరిది ఏది కాజేస్తే అది కాజేసినవాళ్ల ఒంటిమీద మొలుస్తుంది. తూకంలో కొట్టే పత్తి సేటు చెవుల్లో దూది పూస్తుంది. పొద్దున్నే దులుపుకొని గల్లాపెట్టె ముందు కూర్చుంటాడు. పాలల్లో నీళ్లు పోసేటాయన చెప్పులు రోహిణి ఎండల్లో కూడా తడే. ఎవరూ ఏమీ అనరు, జారకుండా పక్కనుంచి పోతారు.

యుగేందర్ ఒంటిమీద చెమటకాయలు తప్ప ఏమీ లేవు.

"చూసినవ్ గదా అక్కా. నేను నాలుగుదే తీసిపెట్టిన. ప్రభాకరన్ననే అచ్చి రెండు స్లాట్లది ఇయ్యుమన్నడు. కంపెనోళ్లు అన్నిటికీ ఒకటే బోర్డు చేస్తరు, సస్తా ధర దానికి రెండు స్లాట్లు ఎక్కియ్యరు, గంతే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"రెండు సాలని నువ్వే అన్నవన్నడు. మొగడు పెండ్లాల నడుమ నాకెందుకని ఊకున్న."

అప్పుడు తట్టింది ఆమెకు. ప్రభాకర్ మూడేళ్లుగా బనీను విప్పకుండానే స్నానం చేస్తున్నాడు. వెల్లకిలా పడుకోవడం మానేశాడు. వీపు నొప్పంటే బిందెల కొద్దీ నూనె కొనిచ్చింది. రాస్తానంటే మాత్రం వద్దనేవాడు.

ఇంటికొచ్చి, "బనీను ఇప్పు" అంది.

ప్రభాకర్ టీవీ ఆపి, విప్పి, గోడ వైపు తిరిగాడు. వెన్నుపూసకు అటొకటి ఇటొకటి, జానెడు పొడుగున నల్లటి స్లాట్లు. చివర్లకు తెల్లటి క్లిప్పులు. లోపల బంగారు రంగు పిన్నులు తళతళలాడుతున్నాయి.

మిగిలిన పైసలేం చేశావని ఆమె అడగలేదు. అతని బండికి కొత్త సీటు కవరు కంప్యూటర్ కొన్న నెలలోనే వచ్చింది.

"ఎందుకు చేసినవ్?"

"నీకు రెండు సాలుతయనుకున్న," అన్నాడు గోడతోనే. "గీ ఊర్లె, ఒక్కదానివి. నీకు గిన్ని ఆర్డర్లస్తయని ఎవలనుకున్నరు?"

పైసలు పోతే మరిచిపోయేదేమో. 'మా ఉమ హైదరాబాదునే కొంటది' అని బస్టాండంతా చాటిన మనిషి, ఈ మాటను బనీను కింద దాచుకొని తిరిగాడు.

"జర వంగు," అంది. కొత్త ర్యాములు రెండూ ఆ స్లాట్లలో పెట్టి నొక్కింది. క్లిప్పులు టక్కుమని పట్టుకున్నాయి. అతన్ని దుకాణానికి తీసుకుపోయి, మూత తీసిన డబ్బాకు వీపు ఆనించి కూర్చోబెట్టింది. తెర మీద ర్యామ్ లెక్క సరిగ్గా రెట్టింపు చూపించింది. గురువారం మధ్యాహ్నానికి పదకొండు ఆల్బమ్‌లూ అయిపోయాయి.

"ఇగ తీస్తవా?" అన్నాడు ప్రభాకర్.

"భూపాలపల్లి నుంచి ఇరవై అచ్చినయి."

బయట అతని బండి సీటు మీద కోళ్లు పడుకుంటున్నాయి. ప్రభాకర్ రోజంతా బస్టాండు వైపు చూస్తూ కూర్చుంటాడు. వచ్చినవాళ్లు అతనికి నమస్తే పెట్టి, ఆమెతో ఆల్బమ్‌ల సంగతి మాట్లాడుకొని పోతారు. ఉమారాణికి కనబడేది అతని వీపే. ముఖం చూసి చాలా రోజులైంది.