బ్రూనాకి ఎవరూ ఏమీ పెట్టలేదు

మా దీవిలో చలికాలమంతా గొర్రెల్ని చూసుకోవడం పని, పొట్టి గుర్రాల్ని చూసుకోవడం సిగ్గుచేటు. గొర్రె మంచు దిబ్బ కింద పడిపోతే మగవాడు నడుంలోతు మంచులోకి దిగి, పొడుగాటి కర్రతో పొడిచి పొడిచి వెతికి, పైకి లాగి భుజాన వేసుకొస్తాడు. వారం రోజులు ఆ సంగతే చెప్పుకుంటాడు. అదే మనిషి గుర్రానికి గుప్పెడు ఎండుగడ్డి వేశాడని తెలిస్తే, ఆదివారం చర్చిలో పక్కవాడు కొంచెం జరిగి కూర్చుంటాడు. మా గుర్రాలు వాటంతటవే బతకాలి. కొండమీద మిగిలిన గడ్డిపరకలు, సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ ఒడ్డున నాచు, అంతే. అలా బతికితేనే అది షెట్లాండ్ గుర్రం.

ఈ మతానికి మా ఊళ్ళో పీఠాధిపతి రాస్మీ. నా భర్త తిర్వాల్‌కి మేనమామ. పెళ్ళి చేసుకోలేదు. చెల్లెలు ఓస్లాతో కలిసి మా ఇంటికి దిగువన ఉంటాడు. వాళ్ళ నాన్న కాలం నుంచి వస్తున్న గుర్రాల సంతతిలో చివరికి మిగిలింది బ్రూనా ఒక్కతే. చాలా ఏళ్ళకి ఆ ఏడు చూలు నిలిచింది. వసంతంలో ఈనాలి. ఆ పిల్ల దక్కకపోతే ఆ వంశం అక్కడితో సరి. ఈ మాట రాస్మీ పైకి ఎప్పుడూ అనలేదు. అనకపోయినా రోజుకి నాలుగుసార్లు దాన్ని చూడ్డానికి కొండెక్కేవాడు.

"గుర్రానికి మేత వేసేవాడు గుర్రానికి శత్రువు. రాసుకో, అమ్మాయ్," అన్నాడు ఒకరోజు మా ఇంట్లో, ఉప్పుమాంసం సూపు రెండోసారి వడ్డించుకుంటూ.

"చేతులు ఖాళీ లేవు మావయ్యా, మేజోడు అల్లుతున్నాను."

"నా గుర్రం నోట్లో ఒక్క ఓట్స్ గింజ పడిందని ఎవడైనా నిరూపిస్తే నా టోపీ తినేస్తాను."

తిర్వాల్ సూపులోకి చూస్తూ కూర్చున్నాడు.

మా వంటగదిలో గిన్నెలు కడిగే తొట్టి కిటికీ కిందే ఉంటుంది. ఆ కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది. చలికాలం వెలుతురు ఉండేదే కాసేపు, ఆ కాసేపూ నేను అక్కడే నిలబడతాను కాబట్టి నాకు తెలియనిది తక్కువ. బ్రూనాకి చలికాలపు జుట్టు జానెడు పెరుగుతుంది. వాన పడ్డప్పుడు ముంగురులు కళ్ళమీద పడి, కొసల్లోంచి నీళ్ళు కారుతూ, తల వంచుకుని గుమ్మం ముందు నిలబడిందంటే పరామర్శకు వచ్చిన దూరపు చుట్టంలా ఉండేది. ఆ జుట్టు కింద బక్కగా ఉందో బలిసి ఉందో దేవుడికి కూడా తెలియదు. ఆ వేషంలో అది ఇంటింటికీ తిరిగేది. ఎక్కడికి వెళ్ళినా ఆ ఇంటివాళ్ళు బయటికొచ్చి అటూ ఇటూ చూసి, గోడ వెనక్కి వెళ్ళి, చేతులు దులుపుకుంటూ వచ్చేవాళ్ళు.

నేను మాత్రం పెట్టలేదు. నాదేమీ గొప్ప సూత్రం కాదు. కిందటేడు అది నా కేబేజీ మడి మొదళ్ళతో సహా తినేసింది.

నూతన సంవత్సరం వెళ్ళాక పెద్ద మంచు పడింది. తిర్వాల్, రాస్మీ కుక్కను తీసుకుని కొండమీదికి వెళ్ళి, గోడవారన కూరుకుపోయిన గొర్రెల్ని ఒక్కొక్కటే తవ్వి తీశారు. కొన్ని ఆకలికి ఒకదాని ఉన్ని ఒకటి పీక్కు తిన్నాయి. వాటికి రోజూ గడ్డి మోయాల్సి వచ్చింది. మంచు కరిగేలోగానే మా గడ్డివామి సగానికి దిగిపోయింది.

"ఈ ఏడు గొర్రెలు బాగా తింటున్నాయి," అన్నాడు తిర్వాల్.

"అవునవును. వామిని సముద్రం వైపునుంచే తింటున్నాయి పాపం, వంటగదిలోంచి కనపడకుండా."

తిర్వాల్ బూట్ల తాళ్ళు చాలాసేపు కట్టుకున్నాడు.

ఊళ్ళో ఇంకో వింత, కోళ్ళ మేత. గిర్జీ కొట్లో గింజల బస్తాలు వచ్చినవి వచ్చినట్టే అయిపోయేవి. "మన ఊళ్ళో కోళ్ళు ఏనుగుల్లా తయారై ఉండాలి, ఒదినా," అంది గిర్జీ నాతో. "మరి గుడ్లేవీ? ఒక్కరూ అమ్మకానికి తేరే!"

అలా ఉండగా ఒక పొద్దున్న ఓస్లా గాలికి ఎదురీదుతూ మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది. "బ్రూనా నడవటం లేదు. అన్న అక్కడే ఉన్నాడు. ఎవర్నీ దగ్గరికి రానివ్వటం లేదు."

వెళ్ళాం. బ్రూనా గోడవారన నిలబడి ఉంది. ముందుకాళ్ళు బాగా ముందుకి చాపి, బరువంతా వెనక్కి వేసి, నిప్పులమీద నిలబడ్డట్టు ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతోంది.

"చలికి బిగుసుకుపోయింది. నీరసం," అన్నాడు రాస్మీ. "లెర్విక్ పట్నంలో పశువుల డాక్టరుకి ఫోన్ చేద్దాం."

అతను దారి పట్టగానే తిర్వాల్ వంగి చేతితొడుగు తీసి గిట్ట పట్టుకున్నాడు. చెయ్యి వెంటనే వెనక్కి తీసేశాడు.

"ఏం?" అన్నాను.

"కాలిపోతోంది."

గింజలు ఎక్కువైతే వేడి గిట్టల్లోకి దిగుతుందని మా దీవిలో నడక రాని పిల్లలకి కూడా తెలుసు. అప్పుడు గిట్ట లోపల ఎముక జారితే ఇక ఆ గుర్రం లేచి నడవదు.

"వెళ్ళి మావయ్యకి చెప్పు."

"ఏమని చెప్పను? ఎందుకు వేడెక్కిందని అడుగుతాడు."

"ఎందుకు వేడెక్కింది?"

"నేను పెట్టింది గడ్డే. గడ్డికి అంత వేడి రాదు. ఇంకెవడో వెధవ గింజలు పెట్టి ఉంటాడు," అంటూ ముందుకి నడిచాడు.

ఊరికి ఫోన్ ఒక్కటే, గిర్జీ కొట్లో. తుఫానుకి పడవ రాక రొట్టె ఉందేమోనని సగం ఊరు అక్కడే ఉంది. గాలికి తీగ గరగరలాడుతోంది. ఆ గరగరలోంచి మాటలు ఏరుకునే చెవి గిర్జీకే ఉంది కాబట్టి డాక్టరు అడిగింది ఆమె పైకి చెప్పడం, రాస్మీ జవాబివ్వడం, దాన్ని ఆమె ఫోన్లో అరవడం.

"ఏం మేపుతున్నారు అని అడుగుతున్నారు."

"ఏమీ లేదు! కొండ గడ్డి, ఒడ్డు నాచు. మా గుర్రాలకి ఎవరూ ఏమీ పెట్టరని చెప్పు."

గిర్జీ చెప్పింది. స్కూలు టీచరమ్మ అగ్గిపెట్టెల ధర పరిశీలిస్తోంది.

"చూలుదా అంటున్నారు... చూలుదే అండీ. ఆఁ... ఆఁ..." గిర్జీ రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టి మావైపు తిరిగింది. ముఖం పాలిపోయింది. "తిండిలేక చిక్కిపోయి ఉంటుందిట. ఓట్స్ వేడినీళ్ళలో నానబెట్టి పొద్దునా సాయంత్రం కడుపునిండా పెట్టమంటున్నారు. తల్లీపిల్లా దక్కాలంటే ఇవాళే మొదలెట్టాలిట."

అందరి ముఖాలూ ఒక్కసారే ఎర్రబడ్డాయి. పొయ్యి వేడికేమో అనుకుందామంటే పొయ్యి వెలిగించి లేదు. నేను మేజోడు అల్లడం ఆపి తిర్వాల్‌ని చూశాను. ఉత్తినే చూశాను.

"ఆగండి," అన్నాడు తిర్వాల్. "ఓట్స్ పెడితే చచ్చిపోతుంది. గిట్టలు కాలిపోతున్నాయి. నేను... నేను రోజూ కొంచెం గడ్డి వేశాను మావా. కొంచెమే."

"నువ్వా?" అన్నాడు రాస్మీ. "నా మేనల్లుడివై ఉండి?"

"నేను ఓట్స్ రొట్టె పెట్టాను అన్నా," అంది ఓస్లా తలవంచుకుని. "ఒక్కటే. ఒక్కోసారి వెన్న రాసి."

"నేను పంచదార బిళ్ళలు," అంది టీచరమ్మ అగ్గిపెట్టె కింద పెట్టి. "పిల్లలు చూడకుండా."

"పాతబడ్డ బిస్కెట్లు," అంది గిర్జీ. "పారెయ్యడం పాపం కదా." తర్వాత అదంతా ఫోన్లో వరసగా అరిచి చెప్పి, చాలాసేపు విని, మళ్ళీ ఇటు తిరిగింది. "ఇప్పుడు మాట మార్చారు. కానీ ఈ చిరుతిళ్ళకి అంత వేడి రాదంటున్నారు. ఎవరో రోజూ గింజలు పెట్టి ఉండాలిట. ఎవరో, ఎంతో తెలియకపోతే వైద్యం చెప్పలేనంటున్నారు."

ఓట్స్ పేరెత్తింది ఓస్లా ఒక్కతే కాబట్టి అందరం ఆమె వైపు చూశాం. ఓస్లా అన్న వైపు చూసింది.

రాస్మీ టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. గల్లా చుట్టూ తిరిగి వెళ్ళి గిర్జీ చేతిలో రిసీవరు లాక్కున్నాడు. ఫోనంటే నమ్మకం లేని మనిషి, దాన్ని చెవికీ నోటికీ కాకుండా ఎదురుగా పట్టుకుని అరిచాడు.

"రోజుకి రెండు డబ్బాలు! పొద్దున ఒకటి, చీకటి పడ్డాక ఒకటి! చూలుది కదయ్యా మరి!"

"అన్నా," అంది ఓస్లా నెమ్మదిగా. "కోళ్ళ కోసమని తెచ్చిన గింజలా అవి? అందుకా కోళ్ళు నేను కనిపిస్తే కాళ్ళకి చుట్టుకుంటున్నాయి! మరి వాటికేం పెట్టావు?"

"కోళ్ళు వాటంతటవే బతకాలి," అన్నాడు రాస్మీ.

డాక్టరు చెప్పిన వైద్యం సులువు. ఏమీ పెట్టకపోవడం. మంచినీళ్ళు, పాత గడ్డి ఒక్క గుప్పెడు, పాటు వేళ చల్లటి సముద్రపు నీళ్ళలో నిలబెట్టడం. కేబేజీ నారు పోసుకునే గుండ్రటి రాతి దొడ్డిలో దాన్ని పెట్టి అడ్డుకర్రలు కట్టేశాం. ఇక కాపలా ఎవరన్నది తేలలేదు. ఓస్లాని నమ్మలేనన్నాడు రాస్మీ. అన్నని అసలే నమ్మనంది ఓస్లా. తిర్వాల్ నోరు తెరవబోతే ఇద్దరూ ఒక్కసారే వద్దన్నారు. చివరికి నాకు అప్పగించారు.

"అది ఎంత ఏడ్చినా కరగనిది నువ్వొక్కదానివే," అన్నాడు రాస్మీ. మెచ్చుకోలులా వినిపించలేదు. ఆ నెలంతా ఊళ్ళో ఆడవాళ్ళు నాతో కొంచెం ముభావంగా ఉన్నారు. అందరూ పెట్టి చంపబోయిన గుర్రానికి పెట్టనిదాన్ని కదా, రాతిగుండెదాన్నని పేరు పడింది.

రోజూ పాటు దిగే ముందే గొర్రెలు కొండమీంచి బారులు తీరి ఒడ్డుకి వస్తాయి. వాటికి ఎవరూ చెప్పరు. వాటి వెనకే రాస్మీ బ్రూనాని అడుగులో అడుగు వేయిస్తూ దింపేవాడు. చుట్టూ గొర్రెలు నాచు నములుతుంటే అది మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడేది, పక్కనే అతనూ. దాని తల అతని చంక కింద ఉండేది. జేబులు వెతికేది. జేబులు నేను ముందే వెతికి ఖాళీ చేసి పంపేదాన్ని.

నెమ్మదిగా వేడి తగ్గింది. కాళ్ళు మార్చడం మానేసింది. గొర్రెలు ఈనడానికి ఇంకా వ్యవధి ఉందనగా అడ్డుకర్రలు తీశాం. ఊళ్ళో ఎవరూ దాన్ని పలకరించలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డారు. బ్రూనా ఒక్కో గుమ్మం ముందూ కాసేపు ఆగింది, ఎదురుచూసింది. తర్వాత అందరికీ వీపు తిప్పి, కొండెక్కి, అవతలివైపు దిగిపోయింది.

అవతలివైపున్నది నోర్బిస్టర్. ఆ ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియదు. ఆ జుట్టూ ఆ ముంగురులూ అక్కడ కొత్త.

"వెళ్ళి చెప్పాలి," అన్నాను.

రాస్మీ గోడమీద కూర్చుండిపోయాడు. నోర్బిస్టర్‌లో గుర్రాల ప్రదర్శనకి ఎన్నో ఏళ్ళుగా న్యాయనిర్ణేత అతనే. అక్కడి ఎర్టీ అనే అతని గుర్రాన్ని పదిమందిలో "ఇది గుర్రమా, పిండివంటల మూటా" అని వెనక్కి పంపించిన మనిషి.

"నువ్వు చెప్పిరా అమ్మాయ్. మీ పుట్టిల్లే కదా."

"నేను చెబితే నా కేబేజీ కక్ష అనుకుంటారు మావయ్యా. గుర్రం నీది."

లేచాడు. నేనూ అల్లిక పట్టుకుని వెంట నడిచాను. మేం దిగేసరికి బ్రూనా ఎర్టీ వాకిట్లోనే ఉంది, తల వంచుకుని, దిక్కులేనిదానిలా. ఎర్టీ చేతిలో గిన్నె ఉంది.

"దానికేం పెట్టకు, ఎర్టీ."

"తెలుసులే, నీ పాఠం నాకు కంఠతా వచ్చు."

"పాఠం కాదు." రాస్మీ నేలవైపు చూశాడు. "నేనే పెట్టాను. చలికాలమంతా గింజలు పెట్టాను. గిట్టలు చెడగొట్టాను. ఇప్పుడు ఒక్క గింజ పడినా తల్లీ పోతుంది, పిల్లా పోతుంది."

ఎర్టీ గిన్నె వెనక్కి తీశాడు. "కొంచెం గట్టిగా చెప్పు రాస్మీ. మా ఆవిడకి సరిగ్గా వినపడదు."

రాస్మీ గట్టిగా చెప్పాడు. లోపల్నుంచి ఆవిడ తలుపు దగ్గరికొచ్చి, ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చెప్పాడు. ఎర్టీ గిన్నెలో ఉన్నది తిరిగి డబ్బాలో పోసి, టోపీ పెట్టుకుని బయటికొచ్చాడు. "పద. పక్కింటి ముసలమ్మ నీ మాటైతే నమ్మదు. నేను పక్కనుండాలి."

అలా ఇల్లిల్లూ తిరిగాం. రెండో గుమ్మంలో రాస్మీ నేల చూస్తూ చెప్పాడు. నాలుగో గుమ్మంలో మాట సాఫీగా వచ్చింది. ఆరో ఇంట్లో కుర్చీ వేస్తే కూర్చుని చెప్పాడు. చివరి ఇంటికొచ్చేసరికి గింజలు ఎంతైతే వేడి గిట్టల్లోకి దిగుతుందో, దిగినప్పుడు గుర్రం ఎలా నిలబడుతుందో చేతికర్రతో నేలమీద గీసి చూపిస్తున్నాడు. ఈ దీవిలో గుర్రానికి తనంత పెట్టినవాడు ఇంకొకడు లేడని కూడా అన్నాడు. వాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఎర్టీ గోడకి ఆనుకుని ఆకాశం చూస్తున్నాడు.

తాడు నా చేతికిచ్చారు. బ్రూనా ఆ ఊళ్ళో ఏమీ తినకుండా, కోపంగా, నాలుగు కాళ్ళమీదా సమంగా అడుగులేస్తూ మాతో కొండెక్కింది.