జానెడు తెరుచుకున్న తలుపు

కొత్త ఫ్లాటు కొన్న మర్నాడే లెక్కల మాస్టారు స్టాఫ్ రూములో ప్రకటించేశారు, అందులో తనకంటూ ఒక చదువుకునే గది ఉంటుందని, గోడ పొడుగునా పుస్తకాలుంటాయని. "ఏం పుస్తకాలు?" అని ఎవరో అడిగితే, "అన్నీ" అన్నారు.

ఇంటీరియర్ డిజైనరును పెట్టుకుందామన్నది ఆయన భార్య. ఆవిడ ఆసుపత్రిలో హెడ్ నర్సు. స్విచ్చు ఒక గదిలో, అది వేస్తే వెలిగే లైటు ఇంకో గదిలో ఉన్న అద్దె ఇంట్లో పన్నెండేళ్లు కాపురం చేసింది. ఈసారైనా పని తెలిసినవాళ్ల చేత గీయించుకుందామని పట్టుబట్టింది. మాస్టారి లెక్కలో డిజైనరంటే గోడకి రంగూ, కిటికీకి కర్టెనూ ఎంచిపెట్టే మనిషి.

"ఆమాత్రం రంగులు మనకి తెలీవా?" అన్నారు.

"నిన్న మీరు వేసుకెళ్లిన సాక్సులు చూశాకే నాకీ ఆలోచన వచ్చింది" అంది ఆవిడ. అవి రెండూ రెండు రంగులవి.

డిజైనరమ్మ వచ్చింది. మెళ్లో కొలతల టేపు, చెవి మీద పెన్సిలు. రంగుల మాటే ఎత్తలేదు. నాలుగు పేజీల ప్రశ్నలు చేతిలో పెట్టింది. ఎక్కడ కూర్చుని తింటారు? బయటినుంచి రాగానే చేతిలో సంచి ఎక్కడ పడేస్తారు? తడిసిన గొడుగు ఎక్కడ ఆరేస్తారు? సాయంత్రాలు ఏం చేస్తారు?

"ఇంట్లో మీరెలా ఉంటారో తెలిస్తేగానీ, ఇల్లెలా ఉండాలో నాకు తెలీదండీ. ఉన్నదున్నట్టు రాయండి. ఇంకో మాట. బొమ్మ గీసిచ్చాక ఏం మార్చాలన్నా ముందు నాకు చెప్పండి. అంగుళమైనా సరే."

మాస్టారు ఎర్ర పెన్ను తీసి, వందకి వంద తెచ్చుకోవాలన్న పట్టుదలతో జవాబులు రాశారు. కుటుంబమంతా భోజనాల బల్ల దగ్గర కలిసి తింటుంది. రోజూ రెండు గంటలు పుస్తక పఠనం. ఖాళీ సమయంలో తాత్విక చర్చలు.

భార్య ఆ కాగితాలు చదివి కళ్లజోడు తీసింది. "ఎవరండీ వీళ్లు? మంచివాళ్లలా ఉన్నారు. మనకి తెలిసినవాళ్లేనా?"

పక్కనే ఉన్న అత్తగారు, అంటే ఆవిడ తల్లి, కిసుక్కున నవ్వింది. మనిషి పొట్టి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. కూతురి పెళ్లైన నాటినుంచీ వీళ్లతోనే ఉంటోంది.

ఆ ఆదివారం డిజైనరమ్మ అద్దె ఇల్లు చూడ్డానికి వస్తానంది. పొద్దున్నే లేచి ముగ్గురూ కలిసి హాలు అద్దంలా సర్దేశారు. సర్దడమంటే, ఉన్నవన్నీ తీసుకెళ్లి స్నానాల గదిలో కుక్కి తలుపేశారు. డిజైనరమ్మ హాలంతా చూసి, "చాలా బావుంది. ఒకసారి చేతులు కడుక్కోవచ్చా?" అంది.

మాస్టారు దారికి అడ్డంగా నిలబడ్డారు. "మీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి కదండీ!"

ఆవిడ నవ్వి తలుపు తీసింది. బట్టల గుట్ట, గొడుగులు, పరీక్ష పేపర్ల కట్టలు, చేతిసంచులు, ఒక టేబుల్ ఫ్యాను వరసగా ఆవిడ కాళ్ల మీదకి దొర్లాయి. ఆవిడ కిక్కురుమనకుండా వాటి మధ్యే చతికిలబడి ఒక్కొక్కటీ నోటు పుస్తకంలో రాసుకుంది.

పది రోజులకి బొమ్మలు గీసి తెచ్చింది. వెనక గది అత్తగారిది. అందులో తలుపు వెనక తొమ్మిదంగుళాల లోతుతో చిన్న అల్మారా. చదువుకునే గది మాత్రం ఎంత వెతికినా కనపడలేదు.

"మరి నా గది?" అన్నారు మాస్టారు.

"ఆరోజు మీ ఇంట్లో పుస్తకాలు లెక్కపెట్టాను మాస్టారూ. పదకొండు. అందులో ఏడు, మీరు స్కూల్లో చెప్పే లెక్కల పుస్తకం పాత ప్రతులు."

మాస్టారు తలూపి ఊరుకున్నారు. మర్నాడు ఒంటరిగా వెళ్లి వడ్రంగిని పట్టుకున్నారు. గది ఎలాగూ లేదు, కనీసం అల్మారా అయినా అందరూ చూసేలా ఉండాలి. తొమ్మిదంగుళాల లోతు పద్దెనిమిది చెయ్యి, నేలనుంచి స్లాబు దాకా లేపు అన్నారు.

"మేడంకి చెప్పారా సారూ?"

"చెప్పినట్టే."

ఇరవై ఏళ్ల పనిలో ఈ 'చెప్పినట్టే'లు వడ్రంగి చాలా విన్నాడు. నిట్టూర్చి రంపం తీశాడు.

అల్మారా బిగించే రోజు సాయంత్రం నాలుగింటికి భార్య, డిజైనరమ్మ ఫ్లాటు చూడ్డానికి వస్తామన్నారు. అప్పటికల్లా బిగించేస్తే, కట్టింది పీకెయ్యమని ఎవరంటారులే అని మాస్టారి ధైర్యం. సగం రోజు సెలవు పెట్టి వచ్చారు. నా గది నేను చూసుకోవద్దా అంటూ అత్తగారు వెంట బయల్దేరింది. డ్రిల్లు చప్పుడు భరించలేక కింద ఫ్లాటాయన పైకొచ్చి కేకలేస్తే, గది తలుపు మూసుకుని పని సాగించారు. అత్తగారు రంగు బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని అజమాయిషీ చేసింది.

మూడున్నరకి ఆఖరి స్క్రూ పడింది. మాస్టారు రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని మురిసిపోయారు.

"బావుంది గానీ, నేనలా బయట గాలికి నిలబడతాను" అని అత్తగారు తలుపు లాగింది.

టక్. తలుపు అల్మారాకి కొట్టుకుని జానెడు తెరుచుకుని ఆగింది.

వడ్రంగి తలుపు వంకా, అల్మారా వంకా, చివరికి మాస్టారి వంకా చూశాడు. "సారూ, ఈ తలుపు లోపలికి తెరుచుకుంటుంది."

"అది నాకిప్పుడే తెలిసింది."

"తొమ్మిదంగుళాలైతే తగిలేది కాదు."

"అదీ తెలిసింది. విప్పెయ్యి, తొందరగా!"

వడ్రంగి డ్రిల్లు నొక్కాడు. అది ఒకసారి గుర్రుమని మూలిగి చల్లబడిపోయింది. ఛార్జింగు అయిపోయింది. స్క్రూడ్రైవరు ఉన్న సంచి హాల్లో ఉంది. మాస్టారు సందులోంచి దూరబోయారు. తల పట్టింది, పొట్ట పట్టలేదు. ఆయన్ని వెనక్కి లాగడానికి వడ్రంగీ అత్తగారూ ఇద్దరూ కావలసి వచ్చింది. ఇంతలో బయట లిఫ్టు ఆగిన చప్పుడు.

సందులో భార్య కన్ను ఒకటి కనిపించింది. "ఏమండీ, లోపలేం చేస్తున్నారు?"

"గది చూస్తున్నాం."

"చూసింది చాలు, రండి."

"ఇంకా అవలేదు."

"ఏం లేదే" అని అత్తగారు లోపల్నుంచి గొంతెత్తింది. "మీ ఆయన నన్ను గదిలో పెట్టి అల్మారాతో తాళం వేశారు!"

సందులోంచి టేపు పాములా లోపలికి పాకింది. డిజైనరమ్మ గొంతు వినిపించింది. "పద్దెనిమిది. మాస్టారూ, నాకు చెప్పలేదు."

"చెప్తే వద్దంటారని..."

"అందుకేనండీ చెప్పమన్నది."

ఆవిడ స్క్రూడ్రైవరు అందించింది. అరవై నాలుగు స్క్రూలు, అన్నీ చేత్తో విప్పాలి. గంటకి తక్కువ పట్టదన్నాడు వడ్రంగి. భార్య ఫ్లాస్కులో టీ కాగితపు కప్పుల్లో పోసి ఒక్కొక్కటే లోపలికి అందించింది. డిజైనరమ్మ తలుపవతల నేల మీద కూర్చుని ఆ నాలుగు పేజీలు బయటికి తీసింది.

"ఎలాగూ గంట ఉంది. మళ్లీ మొదట్నుంచీ అడుగుతాను. ఈసారి నోటితో చెప్పండి. పెద్దమ్మా, మీరెక్కడ కూర్చుని తింటారు?"

"నేను కూచోను. వంటింట్లో నిలబడే తినేస్తాను."

"పని తెమలకే కదమ్మా" అంది కూతురు.

"పనా, పాడా! ఆ కుర్చీల్లో కూచుంటే నా కాళ్లు నేలకి అందవే. చంటిపిల్లలా కాళ్లు ఊపుకుంటూ అల్లుడి ఎదురుగా ఏం తినను?"

రోజూ ఎందరికో మంచం ఎత్తు సరిచేసే హెడ్ నర్సు, కన్నతల్లి కాళ్లు పన్నెండేళ్లుగా గమనించలేదు. సందులోంచి చెయ్యి పెట్టి తల్లి చెంగు పట్టుకుంది.

"ఎంత ఎత్తయితే అందుతాయి?" అంది డిజైనరమ్మ.

వడ్రంగి పని ఆపి, అత్తగారు కూర్చున్న బకెట్టు కొలిచాడు. "పధ్నాలుగు మేడం. ఇప్పుడు పాదాలు చక్కగా ఆనాయి."

"రాసుకున్నాను. మాస్టారూ, సాయంత్రాలు మీరేం చేస్తారు? చదువుతారా?"

లోపల స్క్రూ ఒకటి కిర్రుమంది.

"లేదు" అన్నారు మాస్టారు. కొంచెం ఆగి, ఇంకా చిన్నగా, "ఇస్త్రీ చేస్తాను" అన్నారు.

వడ్రంగి స్క్రూడ్రైవరు ఆపేశాడు. బయటినుంచి భార్య మాట అందుకుంది. "నా యూనిఫాం చూసి ఆసుపత్రిలో అందరూ ఏ షాపులో ఇస్తారని అడుగుతారు. చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు!"

"రోజంతా గొంతు చించుకుని చెప్పినా, పిల్లలకి ఎంత ఎక్కిందో నాకు తెలీదండీ" అన్నారు మాస్టారు తలుపుతో. "చొక్కా అలా కాదు. ముడత పోతే పోయినట్టు కళ్లకి కనిపిస్తుంది. రేడియో పెట్టుకుని పది చొక్కాలు చేశానంటే నా మనసు తేలికపడుతుంది. భోజనాల బల్ల మీద చేస్తాను. అది పొట్టి, నడుం పట్టేస్తుంది."

"ఈ ముక్క మొదటిరోజే రాయాల్సింది."

"ఎలా రాస్తానండీ? మీరు నన్ను గొప్పవాణ్ణి అనుకోవద్దూ?"

డిజైనరమ్మ అప్పుడు మొదటిసారి పగలబడి నవ్వింది. "మోచెయ్యి మడిచి నిటారుగా నిలబడండి. బాబూ, ఆ మోచేతికి నాలుగంగుళాలు తగ్గించి కొలత చెప్పు."

అయిదుంపావుకి తలుపు తెరుచుకుంది. ముందు అత్తగారు బయటికొచ్చి, "గాలి ఎంత బావుందే!" అంది.

విప్పిన చెక్కలు ఊరికే పోలేదు. హాలు కిటికీ పక్కన మాస్టారి నడుముకి సరిపోయే ఇస్త్రీ బల్ల అయింది, మడిచిన బట్టలకి కింద అరలు, చేతికందే ఎత్తులో ప్లగ్గు. ఆ ప్లగ్గు ఎక్కడుండాలో నిర్ణయించడానికి డిజైనరమ్మ మాస్టారి చేత ఉత్తి చేత్తో గాల్లో రెండు చొక్కాలు ఇస్త్రీ చేయించింది. ఇంకో అరంగుళం పైకి కావాలనిపించి, మాస్టారు ముందుగా ఆవిడకి ఫోన్ చేశారు. ఆవిడ సరేనంది. భోజనాల బల్ల మీద బట్టలు లేవు కాబట్టి ఇప్పుడు దాని మీద తినడానికి చోటుంది. అత్తగారి కుర్చీకి వడ్రంగి పాదాలు ఆనించుకునే మెట్టు అమర్చాడు.

కొత్త ఇంట్లో మొదటి రాత్రి ముగ్గురూ కూర్చుని భోంచేశారు. ముప్పావుగంట పట్టింది. నిలబడి అయిదు నిమిషాల్లో ముగించే అత్తగారు, పాదాలు కుదురుగా మెట్టు మీద పెట్టుకుని, కూతురి డ్యూటీలు, అల్లుడి చొక్కా కాలరు, కింద ఫ్లాటాయన గొంతు, కూరలో ఉప్పు అన్నీ ఒక్కొక్కటిగా విచారించింది.

గిన్నెలు తీస్తూ మాస్టారు భార్య చెవిలో, "ఆ మెట్టు ఓ రెండంగుళాలు తగ్గించమని అడిగితే ఎలా ఉంటుంది?" అన్నారు.

"అల్లుడుగారూ, నాకు వినపడింది" అంది అత్తగారు, కుర్చీలోంచి లేవకుండానే.