పన్నెండో దీవెన

సోమవారం, గురువారం వస్తున్నాయంటే నాకు ముందు రాత్రి నిద్ర పట్టేది కాదు. విశ్రాంతి దినమైతే హాయి. ఆ రోజు ప్రార్థన చిన్నది, అందులో పన్నెండో దీవెన ఉండదు. మామూలు రోజుల్లో ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా సంతకు దిగి, సమాజ మందిరం కిక్కిరిసిపోయేది మాత్రం ఆ రెండు రోజులే.

దీవెన అని పేరే గాని అది శాపం. సముద్రపు ఒడ్డు పట్నంలో కూర్చున్న పెద్ద పండితులు కొత్తగా కలిపి పంపారు. దేవుడు పంపుతానన్న రాజు మెస్సీయ వచ్చేశాడని చెప్పుకు తిరిగే నజరేయులు క్షణంలో నాశనమైపోవాలి, జీవగ్రంథంలోంచి వాళ్ళ పేర్లు చెరిగిపోవాలి అని దాని సారం. ప్రార్థన నడిపించేవాడు పైకి చదవాలి, మేమంతా ఆమేన్ అనాలి. మిగతా దీవెనల్లో ఎక్కడ తడబడినా ఎవరూ పట్టించుకోరు, పక్కవాడు మాట అందిస్తాడు. ఇందులో తడబడితే మాత్రం అక్కడికక్కడే దింపేస్తారు. తనను తాను ఎవడూ శపించుకోలేడు కాబట్టి, ఆగినవాడు వాళ్ళలో వాడేనని లెక్క.

మా ఊళ్ళో ప్రార్థన నడిపించేది నా తమ్ముడు యెదాయా. వాడు వాళ్ళలో వాడే. ఆ సంగతి మా మందిరంలో నాకొక్కదానికే తెలుసు.

యెరూషలేము తగలబడిన ఏడు నాకు పన్నెండేళ్ళు, వాడికి నాలుగు. ఎవడో మహానుభావుడు వీధిలో నిలబడి, ఈ రోజే మెస్సీయ దిగుతాడు, దేవాలయం ఆవరణలోకి రండి అని కేకలేశాడు. అమ్మా నాన్నా పరుగెత్తారు. రోమా సైనికులు ఆ ఆవరణలోని మండపానికి నిప్పు పెట్టారు. లోపలికి వెళ్ళినవాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు. నేను యెదాయాను చంకనేసుకుని గలిలయ సరస్సు దాకా నడిచాను. ఇక్కడ చేపలకు ఉప్పు పట్టించే కొట్టంలో చేరి వాడిని పెంచాను. నా పెళ్ళి సంగతి ఎత్తే పెద్దదిక్కు లేకపోయింది, నేనూ ఎత్తలేదు.

మెస్సీయ వస్తాడని నేనూ నమ్ముతాను. రోజూ ఎదురుచూస్తాను. కాని వచ్చేశాడని ఎవరైనా అంటే చాలు, నా ముక్కుకు ఇప్పటికీ ఆ పొగ తగులుతుంది.

నిరుడు కాన్పులో వాడి పెళ్ళాం, బిడ్డ ఇద్దరూ పోయారు. నేను వాడితో కలిసి ఏడ్చాను గాని, ఓదార్చే మాట ఒక్కటీ నోటికి రాలేదు. పేట చివర ఉండే నజరేయులు ఉడికించిన పప్పు పట్టుకొచ్చి, ఏడు రోజులూ వాడి పక్కన నేల మీద కూర్చున్నారు. చనిపోయినవాళ్ళు లేస్తారు, ఇప్పటికే ఒకడు లేచాడు అన్నారు. లేస్తారని మేమూ నమ్ముతాం. ఆ ఒకడు లేచాడన్న దగ్గరే గొడవంతా. వాడు ఆ మాట పట్టుకున్నాడు.

పట్టుకుంటే ఏమవుతుందో మా కళ్ళముందే ఉంది. పడవలు చేసే బుక్కీని ఆ దీవెన దగ్గర నోరు పెగలలేదని వెలేశారు. వాడికెవరూ రొట్టె అమ్మరు, వాడు చేసిన పడవెవరూ కొనరు. వాడి తల్లి పోతే మోయడానికి నలుగురు మనుషులు దొరకలేదు. బుక్కీ ఒక్కడే దుప్పట్లో చుట్టి ఈడ్చుకుంటూ పోవడం నేను మా గుమ్మంలోంచి చూశాను, చూసి తలుపు వేసుకున్నాను.

ఆ దీవెన మా ఊరికి వచ్చిన దగ్గర్నుంచీ, మూడు వారాలుగా, యెదాయా గొంతు పట్టిందని తప్పించుకుంటున్నాడు. వాడి బదులు మందిరం పెద్ద హిల్కియా అల్లుడు అజర్యా చదువుతున్నాడు. బుధవారం మధ్యాహ్నం హిల్కియా స్వయంగా మా కొట్టానికి వచ్చాడు.

"ఏమయ్యా, గొంతెలా ఉంది?"

"కాస్త నయం పెద్దయ్యా," అన్నాడు మావాడు, చేప కడుపు చీలుస్తూ.

"చేపల బేరానికి బానే లేస్తోందటగా! వీధి చివరికి వినపడుతోందని మా ఆవిడ అంటోంది." నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "రేపు నువ్వే నడిపించు నాయనా. జనం ఏదేదో గొణుక్కుంటున్నారు. ఆ పన్నెండోది నీ నోట ఒక్కసారి వింటే అందరి నోళ్ళూ మూతపడతాయి," అన్నాడు.

హిల్కియా చెడ్డవాడు కాదు. మాకు ఈ పని ఇప్పించింది ఆయనే. అందుకే మరీ భయమేసింది, చెడ్డవాడైతే ఊరు వాడి మాట వినేది కాదు.

ఆయన వెళ్ళగానే నేను ఉప్పు చేతులు దులుపుకుని వాడి మీద పడ్డాను.

"ఒరేయ్, మాటలేగా! గాలిలో కలిసిపోతాయి. గబగబా అనేసి ఇంటికొచ్చెయ్."

"నా పేరు నేనే చెరిపేసుకోనా అక్కా?"

"అబ్బో, బోడి పేరు! మీవాడు వచ్చేశాడంటున్నావుగా, మరి దేవాలయం బూడిదెందుకైంది? ఆ రోమావాడు రోజూ మన బుట్టలో చెయ్యి పెట్టి మంచి చేపలన్నీ ఏరుకుపోతుంటే ఎక్కడున్నాడు? ఒకసారి వచ్చి ఏం ఉద్ధరించాడని?"

"మళ్ళీ వస్తాడు."

"మళ్ళీనా! నేను మొదటిసారికే చూసిచూసి కళ్ళు కాయలు కాశాయిరా నాయనా."

వాడికి నవ్వొచ్చింది. వాడు నవ్వితే నాకూ ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపు ముంచుకొచ్చింది. వాడి రెండు చేతులూ పట్టుకుని, "అమ్మానాన్నల్ని మెస్సీయ పేరు చెప్పే మింగేశారురా. నువ్వూ పోతే నాకెవరున్నారు? దేవుడి కోసం కాదు, హిల్కియా కోసం కాదు, నా కోసం అను," అన్నాను.

వాడు చీల్చిన చేపను ఉప్పులో పడేశాడు.

"సరే అక్కా. అంటాను."

ఆ మాటకు నా ప్రాణం కుదుటపడాలి. పడలేదు.

గురువారం పొద్దున్నే మందిరం నిండిపోయింది. ఆడవాళ్ళ బల్ల మీద పక్కింటి రిస్పా నాకు చోటు పట్టింది. యెదాయా తల మీద ప్రార్థన దుప్పటి కప్పుకుని గ్రంథాల పెట్టె ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. రెండో దీవెన చనిపోయినవాళ్ళను లేపే దేవుడి గురించి. అక్కడ వాడి గొంతు వణికింది. మూడు. నాలుగు. ఎనిమిదో దీవెనకు నా పైబట్ట చెమటకు తడిసి ఒంటికి అంటుకుంది. పదకొండు అయ్యేసరికి మందిరంలో దగ్గులు కూడా ఆగిపోయాయి.

వాడు చదివాడు. ఒక్క అక్షరం పోకుండా, స్పష్టంగా, పట్టుకొచ్చిన గంప దించేసినట్టు చదివేశాడు. నజరేయులు నాశనమైపోవాలన్నాడు. పేర్లు చెరిగిపోవాలన్నాడు. హిల్కియా ముఖం విచ్చుకుంది. మందిరమంతా ఆమేన్ అంది.

నేను అనలేదు.

కావాలని కాదు, దేవుడి తోడు. మూడు వారాలుగా అజర్యా చదువుతుంటే అలవాటుగా అనేసినదాన్నే. వాడి చేత ఆ మాట అనిపించాలని ఏడ్చానే గాని, ఆ తర్వాత నా వంతు ఒకటుందని నాకు తట్టనే లేదు. నా తమ్ముడు నాశనమైపోవాలని నా తమ్ముడే అంటే, అలాగే కానీ అని నేననాలి. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

"అదేంటి వదినా, నువ్వు అనలేదు?" అంది రిస్పా. దానికి గుసగుసగా మాట్లాడటం చేతకాదు.

తలలన్నీ ఇటు తిరిగాయి. హిల్కియా లేచి నిలబడ్డాడు.

"షెలోమీతూ, నువ్వు వాళ్ళ మనిషివా?"

"కాదు పెద్దయ్యా! మెస్సీయ రాలేదు. ఇంకా రాలేదు!"

"మరి ఆమేన్ ఎందుకనలేదు తల్లీ?"

నిజం చెప్తే వాడిని పట్టించినట్టే. "గొంతు పట్టింది," అన్నాను.

"ఇంటిల్లిపాదికీ ఒకటే రోగం తగులుకున్నట్టుందే!" అన్నాడు వెనక నుంచి ఎవడో. కొందరు నవ్వారు. హిల్కియా నవ్వలేదు.

"యెదాయా, ఆ దీవెన మళ్ళీ చదువు. మీ అక్క ఆమేన్ అంటుంది. తర్వాత ముందుకు పోదాం."

వాడు నా వైపు తిరిగాడు. చదువు, ఈసారి అంటాను అని తల ఊపాను. నిజంగానే అనేదాన్ని. కాని నా నోరెందుకు పడిపోయిందో వాడికి అప్పటికే అర్థమైపోయింది.

"నజరేయులు..." అని మొదలుపెట్టాడు. ఆగాడు.

ఎవరూ మాట అందించలేదు. వాడు దుప్పటి తీసి, మడిచి, పెట్టె మీద పెట్టాడు.

"మా అక్కకు ఏ పాపమూ తెలియదు పెద్దయ్యా. నా మీద ప్రేమకొద్దీ నోరు మూసుకుంది. మీరు వెతికే మనిషిని నేను."

మందిరం ఒక్కసారిగా అరిచింది. ఎవడో ఉమ్మాడు. హిల్కియా చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. "బయటికి వెళ్ళు నాయనా," అన్నాడు.

వాడు మా బల్ల పక్క నుంచే వెళ్ళాలి. నా ముందు ఆగాడు. నేను లేవబోయాను. నా భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు అను అక్కా. నా మీద ఒట్టు. నువ్వైనా లోపలుండు."

"ఒరేయ్ యెదాయా..."

వెళ్ళిపోయాడు.

నడిపించేవాణ్ణి దింపేస్తే, మందిరం పెద్ద ఎవరిని పిలిస్తే వాడు మారుమాట్లాడకుండా లేచి, ఆ దీవెన మొదటి నుంచి ఎత్తుకోవాలి. అజర్యా లేచాడు. నా తమ్ముడు మడిచి పెట్టిన దుప్పటే కప్పుకున్నాడు. వాడు చదువుతున్నంతసేపూ జనం వాడిని చూడలేదు, నన్ను చూశారు. తలుపు తీసే ఉంది. బయట ఎండలో యెదాయా ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు.

చదవడం అయిపోయింది. నేను అంటానో లేదోనని అందరూ ఆగారు.

"ఆమేన్," అన్నాను. నా ఒక్కదాని గొంతే వినపడింది.

బయట యెదాయా వీపు కదిలి దూరమైంది. రిస్పా నా చెయ్యి నొక్కి, "హమ్మయ్య, హడలగొట్టి చంపావు వదినా," అంది. అజర్యా గొంతు సవరించుకుని, నీతిమంతుల మీద దయ చూపమని అడిగే పదమూడో దీవెన ఎత్తుకున్నాడు.