నడకల టీచరమ్మ

పొద్దున్నే వచ్చి హాలు తాళం తీయడం, కిటికీలు తెరవడం, చెప్పులు గుమ్మం బయట విడిచి నేలంతా తనే తుడుచుకోవడం టీచరమ్మకి అలవాటు. నాటకాల్లో మాటలు నేర్పేవాళ్ళు వేరే ఉంటారు. ఈవిడ చూసుకునేది ఒళ్ళు. ఎలా నిలబడాలి, ఎలా కూలబడాలి, చెడ్డ కబురు విన్నవాడి భుజాలు ఏమైపోతాయి, అన్నీ ఈవిడే చెప్పాలి. నేర్చుకునే పిల్లలు రాగానే వెల్లకిలా పడుకోబెట్టి, "బరువంతా నేలకిచ్చెయ్యండి, అది మోసుకుంటుంది" అంటుంది. ఎవడో ఒకడు గురక పెడతాడు. అందరూ నవ్వుతారు. అలా మొదలవుతుంది పాఠం.

నడకలు మాత్రం ఆవిడ నేర్పదు, ఇచ్చేస్తుంది. కావలసినవాళ్ళని వెనక నిలబెట్టుకుని హాలు ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తుంది. గోడ చేరేసరికి ఆ నడక వెనకవాళ్ళదైపోతుంది, ఇక ఆవిడ దగ్గర ఉండదు. సిపాయి నడక, దొంగ నడక, తొలిచూలు గర్భిణి నడక, అన్నీ అలాగే వెళ్ళిపోయాయి. తాగుబోతు నడక ఇప్పటి దర్శకుడికి కుర్రతనంలో ఇచ్చింది. చుక్క ముట్టని మనిషి, పాపం, ఇప్పటికీ చిరాకేస్తే తూలుతాడు. వాళ్ళ మామగారు ఇంకా నమ్మడు.

ఇవ్వగా ఇవ్వగా ఒక్కటే మిగిలింది, వాళ్ళమ్మ నడక. అమ్మ పోయినప్పుడు నగలు అక్కకీ, నడక ఈవిడకీ వచ్చాయి. "నీ వాటా తూకానికి రాదే" అని అక్క ఆటపట్టించేది. ఇప్పుడు అక్కా లేదు. సాయంత్రం ఇంటికొచ్చి లైటు వేసి, టీచరమ్మ ఆ నడకతో ముందు గదిలోంచి వంటగదిలోకి, వంటగదిలోంచి ముందు గదిలోకి తిరుగుతుంది. నెమ్మదైన నడక. కుడి అడుగు పడ్డాక ఎడమది కాస్త ఆగి వస్తుంది. ఆ చప్పుడు వింటుంటే ఇంట్లో ఇంకో మనిషి మసులుతున్నట్టే ఉంటుంది.

కింది వాటాలో ఆవిడ మెట్ల దగ్గర కనబడితే, "నిన్న మీ అమ్మగారు చాలాసేపు తిరిగారు, ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతుంది.

"ఉక్కపోత కదండీ" అంటుంది టీచరమ్మ.

ఈసారి వేస్తున్న నాటకంలో ఒక ముసలి తల్లి ఉంది. మాటలు లేవు. ఎప్పుడో విడిచి వెళ్ళిన ఇంటికి తిరిగొస్తూ రంగస్థలం మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి నడవాలి, అంతే. ఆ వేషం గుంపుకి దొరికింది. గుంపంటే ఒక్కతే మనిషి. వచ్చిన దగ్గర్నుంచీ జనంలో వెనక నిలబడే వేషాలే వేసింది కనక అందరూ ఆమెని అలాగే పిలుస్తారు.

గుంపు నడుం వంచింది. చెయ్యి వీపున పెట్టుకుంది. దగ్గింది కూడా.

"దగ్గమని ఎవరన్నారమ్మా?" అన్నాడు దర్శకుడు.

"ముసలావిడ కదా సార్, కాస్త దగ్గు ఉంటుందనీ..."

"ముసలావిడెక్కడ? ముసలావిడని వెక్కిరిస్తున్న పిల్ల కనబడుతోంది నాకు."

టీచరమ్మని పక్కకి పిలిచాడు. అప్పటికే కొంచెం తూలుతున్నాడు. "రేపటికి కుదరకపోతే వేషం ఇంకొకరికి ఇచ్చేస్తాను టీచర్. నాకూ గత్యంతరం లేదు. మీ దగ్గర ఒకటుందిగా..." అని ఆగిపోయాడు.

"ఉంది. ఉన్నది అదొక్కటే నాయనా."

"అందుకే అడగటం లేదు."

గుంపు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటోంది. "పోనీలెండి టీచర్. జనంలో నిలబడితే తోడైనా ఉంటుంది" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగింది.

ఆ సాయంత్రం టీచరమ్మ కాళ్ళు లాగేదాకా ఇంట్లో తిరిగింది. మర్నాడు హాల్లో అడుగుపెడుతూనే, "నా వెనక నిలబడు" అంది గుంపుతో.

"వద్దు టీచర్. తర్వాత మీకు ఇంట్లో..."

"నిలబడమన్నానా!"

నడిచింది. హాలు ఇంకాస్త పొడుగ్గా ఉంటే బాగుండేదని మొదటిసారి అనిపించింది. గోడ తగిలింది, ఆగిపోయింది. వెనక అడుగులు మాత్రం వస్తూనే ఉన్నాయి, కుడిది పడ్డాక ఎడమది కాస్త ఆగి. ఆవిడ తిరిగి చూడలేదు. కిటికీ ముయ్యాలన్నట్టు అటు వెళ్ళిపోయింది.

"మీ అమ్మగారు ఊళ్ళో లేరా, అలికిడే లేదు?" అంది రెండు రోజులయ్యాక మెట్ల దగ్గర కింది వాటా ఆవిడ.

"పని మీద వెళ్ళిందండీ."

మొదటి ఆట పగటిపూట వేశారు. టీచరమ్మ చివరి వరసలో కూర్చుంది. గుంపు ఒక్కతే రంగస్థలం మీదకొచ్చింది. నడుం వంచలేదు, దగ్గలేదు. నడిచింది.

ఇన్నాళ్ళూ ఆ నడకని టీచరమ్మ తను నడిచింది, చెవులతో విన్నది. అమ్మ ఉన్నప్పుడైనా ఎదురుగా నిలబెట్టి చూసింది లేదు. అమ్మకి మోకాలి నొప్పి, అందుకే ఆ కాలు ఆగేది అనుకుంటూ వచ్చింది. ఒంటిని చూసి మనిషిని చెప్పగలిగే మనిషి, ఇన్నేళ్ళూ అలాగే అనుకుంది. ఇక్కణ్ణుంచి చూస్తే మోకాలు నిక్షేపంగా ఉంది. ఎడమ భుజమే కాస్త కిందికి దిగింది. ఎడమ చెయ్యి ఒంటికి దూరంగా జరిగి, అరచెయ్యి తెరుచుకుని ఉంది.

ముందు వరసలో ఒకాయన భార్యతో గుసగుసలాడాడు. "ఏంటలా ఆగి ఆగి నడుస్తోంది?"

"చెయ్యి పట్టుకు నడిచే చంటిది అంత జోరుగా రాగలదా ఏంటండీ" అందావిడ.

టీచరమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ చంటిది పెరిగి, చెయ్యి వదిలేసి, ఊళ్ళు తిరిగి, జుట్టు నెరిపించుకుంది. ఆ కాలు మాత్రం దానికోసం ఆగుతూనే ఉంది.

ఆట అయ్యాక గుంపు రంగు కడుక్కుని వెనక తలుపులోంచి వచ్చింది. వీధిలో ఇంకా ఎండ ఉంది.

"బాగా వచ్చిందా టీచర్? ఈ ఎడమ చెయ్యేమిటో, ఎంత లాక్కున్నా దగ్గరికి రావటం లేదు. సార్ తిడతారేమో."

టీచరమ్మ ఆమె ఎడమ పక్కకి వచ్చి, తన చెయ్యి ఆ చేతిలో పెట్టింది. గుంపు వేళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. ఆమె తన చేతిని చూసుకుంది, టీచరమ్మని చూసింది. విడిపించుకోలేదు.

"మీరెటు వెళ్ళాలి టీచర్?"

"నువ్వెటు తీసుకెళ్తే అటు."

నడిచారు. కుడి అడుగు పడింది. ఎడమది ఆగిన ఆ కాస్త సందులో టీచరమ్మ అడుగు పడింది.